కిస్తీ పుస్తకం పక్కన ఇంకో పుస్తకం

(మండల మహిళా సమాఖ్య సర్వసభ్య సమావేశంలో ఒక గ్రామ సంఘం తరఫున చేసిన ప్రసంగం)

 

ఇప్పటిదాకా పొదుపు ఎంత, బ్యాంకు లింకేజీ ఎంత, స్త్రీనిధి ఎంత, రికవరీ ఎంత అని లెక్కలు చదివారు. మా లెక్కలు కూడా నివేదికలో ఉన్నాయి కాబట్టి మళ్ళీ వాటి జోలికి పోవటం లేదు. ఏపీఎం గారు మమ్మల్ని "మీరు కౌన్సిలర్ మేడంతో చేసిన పని గురించి చెప్పండి, మిగతా సంఘాలకు ఉపయోగపడుద్ది" అన్నారు. మేము కొంచెం వెనకాడాం. ఎందుకంటే అందులో మంచితోపాటు మా తప్పు కూడా ఉంది. తప్పు దాచిపెట్టి మంచి మాత్రం చెబితే మీకు పనికిరాదని, రెండూ చెబుదామని వచ్చాం.

మా సంఘంలో 12 మందిమి. నెలకు తలా 200 పొదుపు. మొదటి లీడరు, రెండో లీడరు ఇద్దరి సంతకాలు లేనిదే బ్యాంకులో రూపాయి కదలదు. ఆ ఇద్దరం, మిగతా పదిమందిమి అందరం కలిసి అనుకున్న మాటలే ఇక్కడ చెబుతున్నాం. ఎవరి పేరూ చెప్పం. ఎవరి సంగతి చెబుతున్నామో వాళ్ళను అడిగి, వాళ్ళు సరేనన్నంత వరకే చెబుతున్నాం.

2021లో మన పల్నాడులో మిర్చి తోటలు ఏమైనాయో మీకు చెప్పక్కర్లేదు. పూత నిండా నల్ల తామర పురుగు పడింది. ఎన్ని మందులు కొట్టినా పోలేదు. పూత రాలిపోయింది, కాయ నిలవలేదు. సొంత పొలం ఉన్నోళ్ళు ఒక రకంగా మునిగితే, కౌలుకు చేసినోళ్ళు రెండు రకాలుగా మునిగారు. మా సంఘంలో ఒక వదిన వాళ్ళది రెండెకరాల కౌలు. కాయ రాకపోయినా కౌలు కట్టాల్సిందే. మందుల షాపు బాకీ కట్టాల్సిందే. ఆ ఇంట్లో ఇద్దరు పిల్లలు, అత్తగారు.

ఆ ముందే మా సంఘం బ్యాంకులో 6 లక్షలు లింకేజీ తీసుకుంది. తలా 50 వేలు పంచుకున్నాం. నెలకు తలా 1,700 కట్టాలి. ఆ వదిన పంట పోయాక కూడా కొన్నాళ్ళు కూలికి పోయి కట్టింది. 2022 ఎండాకాలంలో ఆగిపోయింది. ఒక నెల, రెండు నెలలు, మూడు నెలలు. మీటింగుకు రావటం కూడా మానేసింది. ఆమె వాటా మేము తలా కొంత వేసి సర్దాం. మూడో నెల సర్దలేకపోయాం. బ్యాంకు నుంచి ఫోను వచ్చింది. రికవరీ పడిపోతే సున్నా వడ్డీ రాదు, గ్రేడింగు పోతుంది, తర్వాత లోను పెంచరు. ఇవన్నీ మీకూ తెలిసినవే.

అప్పుడు మేము ఏం చేశామంటే, నలుగురం కలిసి ఆ వదిన ఇంటికి పోయి వరండాలో కూర్చున్నాం. మధ్యాహ్నం మూడింటికి పోయాం, దీపాలు పెట్టేదాకా లేవలేదు. "మా పిల్లల నోటి దగ్గరది తీసి నీ కిస్తీ కడుతున్నాం", "ఇవ్వలేనిదానివి ఎందుకు తీసుకున్నావు" అని అన్నాం. గట్టిగానే అన్నాం. వీధిలో వాళ్ళు విన్నారు. ఆమె ఒక్క మాట మాట్లాడలేదు. తలుపు పట్టుకుని నిలబడింది అంతే. ఇంటికొచ్చాక మేము, సంఘం కోసం చేశాంలే అనుకున్నాం.

పది రోజుల తర్వాత వాళ్ళ అత్తగారు మా దగ్గరికొచ్చింది. "అమ్మా, మా కోడలు రాత్రుళ్ళు పడుకోవటం లేదు. అన్నం తినటం లేదు. చీకట్లో లేచిపోయి కల్లం దగ్గర ఒక్కతే కూర్చుంటంది. అడిగితే నేను లేకపోతే మీరందరూ బాగుంటారంటంది. నాకు భయంగా ఉంది" అంది. ఆ మాట వింటుంటే మాకు కాళ్ళల్లో సత్తువ లేకుండా పోయింది. ఇంట్లో పురుగుమందు డబ్బాలు ఉండే ఊళ్ళం మనం. ఏమవుతుందో మనకు తెలుసు. ఇలా పోయినవాళ్ళను మనందరం చూశాం.

వెంటనే వీఓఏకు చెప్పాం. ఆమె సీసీ గారికి చెప్పింది. మండలంలో ఒక స్వచ్ఛంద సంస్థ తరఫున కౌన్సిలర్ మేడం వారానికి ఒకరోజు వస్తుందని తెలిసింది. మర్నాడే పిలిపించాం. మేడం ముందు చేసిన పని చాలా చిన్నది. వాళ్ళాయనతో, అత్తగారితో మాట్లాడి ఇంట్లో ఉన్న మందు డబ్బాలన్నీ తీయించి, పొలం గదిలో పెట్టించి, తాళం చెవి వేరే ఇంట్లో ఇప్పించింది. ఆ వారమంతా వదినను ఒంటరిగా వదలొద్దని చెప్పింది. తర్వాత ఆమెను సూటిగానే అడిగిందట, "చచ్చిపోవాలనిపిస్తుందా?" అని. అట్టా అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమోనని మేము భయపడ్డాం. అడిగితే ఆలోచన పుట్టదని, అడిగేవాళ్ళు ఒకరుంటే బరువు దిగుతుందని మేడం చెప్పింది. అడగ్గానే ఆ వదిన గంటసేపు ఏడ్చిందట. అప్పటిదాకా ఎవరూ అడగలేదు కదా. నిద్ర కోసం ఆసుపత్రిలో మానసిక డాక్టరుకు కూడా చూపించారు. మూడు నెలలు మందులు వాడింది.

తర్వాత కౌన్సిలింగు మొదలైంది. ఊళ్ళో దీనికో పెద్ద చిక్కు ఉంది. కౌన్సిలర్ దగ్గరికి పోతే "పిచ్చి డాక్టరు దగ్గరికి పోతంది" అంటారు. ఆ మాట వస్తే ఆ వదిన మళ్ళీ గడప దాటదు. అందుకని మేము ఒక తీర్మానం చేసుకున్నాం. 12 మందిమీ వరసగా తలా ఒకసారి మేడం దగ్గర కూర్చుందాం, ఎవరికి ఏ బాధ ఉందో బయటివాళ్ళకు తెలియదు అని. గ్రామ సంఘం ఆఫీసు గది ఇచ్చాం. ఆమె కోసం అని మొదలుపెట్టాం కానీ, తీరా కూర్చున్నాక ఒక్కొక్కరికీ ఎంతెంత మూట ఉందో బయటపడింది. ఒకామెకు గుండె దడ. ఒకామెకు తలనొప్పి, ఎన్ని స్కానింగులు తీసినా ఏమీ లేదంటారు. ఒకామె కొడుకు హైదరాబాదులో ఫోను ఎత్తకపోతే ఆ రాత్రి నిద్ర లేదు. మొదటిసారి తర్వాత మాలో ఐదుగురం వరసగా కొన్ని వారాలు కూర్చున్నాం.

ఇప్పుడు ఆ పద్ధతి ఏందో చెబుతాం. దాన్ని కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ అంటారట, పొట్టిగా సీబీటీ. మేడం మాకు "ఆలోచన, నడవడిక పద్ధతి" అని తెలుగులో చెప్పింది. అమెరికాలో ఆరన్ బెక్ అనే డాక్టరు 1960ల్లో తయారు చేశాడట. దిగులుతో ఉన్నవాళ్ళ మనసులో కొన్ని ఆలోచనలు వాటంతటవే వచ్చిపోతుంటాయని, అవి నిజమో కాదో చూసుకోకుండానే వాళ్ళు నమ్మేస్తున్నారని ఆయన గమనించాడట. మేము అనుకున్నట్టు ఇందులో మంచం మీద పడుకోబెట్టి చిన్నప్పటి సంగతులు అడగటం లేదు, ఊరికే ధైర్యం చెప్పటమూ లేదు. ఒక నోటుబుక్కు, ఒక పెన్ను, వారానికి ఒక గంట, ఇంటికి పోయాక చేయాల్సిన పని. ఆరు, ఏడు, ఎనిమిది వారాలు.

నోటుబుక్కులో గళ్ళు గీస్తారు. మన క్యాష్ బుక్కు లాగే ఉంటుంది. మొదటి గడిలో ఏం జరిగింది. రెండో గడిలో అప్పుడు మనసులో వచ్చిన మాట ఏంది, దాన్ని నూటికి ఎంత నమ్మాం. మూడో గడిలో ఏమనిపించింది, ఒంట్లో ఏమైంది. నాలుగో గడిలో అప్పుడు మనం ఏం చేశాం. ఐదో గడిలో ఆ మాటకు సాక్ష్యం ఏంది. ఆరో గడిలో దానికి ఎదురు సాక్ష్యం ఏంది. చివరి గడిలో రెండు పక్కలా చూశాక ఇంకెట్టా అనుకోవచ్చు.

మాకు మొదట ఆలోచనకూ, బాధకూ తేడా తెలియలేదు. "ఏమనుకున్నారు?" అంటే "బాధగా ఉంది మేడం" అనేవాళ్ళం. బాధ వేరు, ఆ బాధకు ముందు మనసులో మెరిసిన మాట వేరు అని తెలుసుకోటానికే రెండు వారాలు పట్టింది. ఒక ఉదాహరణ చెబుతాం. కొడుకు ఫోను ఎత్తలేదు. అది జరిగింది. మనసులో వచ్చిన మాట "బండి మీద పోతా ఏదో అయింది". దాన్ని నూటికి 90 నమ్మింది. గుండె దడ, చెమటలు. చేసిన పని, ముప్పైసార్లు ఫోను చేయటం, అన్నం మానేయటం. సాక్ష్యం ఏంది? ఫోను ఎత్తలేదు, అంతే. ఎదురు సాక్ష్యం? పోయిన నెలలో ఎన్నిసార్లు ఎత్తలేదు, ఎన్నిసార్లు ఏదన్నా అయింది? పదిసార్లు ఎత్తలేదు, ఒక్కసారీ ఏమీ కాలేదు, డ్యూటీలో ఉన్నాడు. అవి రాశాక అదే మాటను ఎంత నమ్ముతున్నావంటే 40 అంది. సున్నా కాలేదు. తల్లి కదా. కానీ 40తో అన్నం తినొచ్చు, 90తో తినలేం.

ఇంకో చిట్కా చెప్పింది, దిగులుకు టైము పెట్టుకోవటం. రోజంతా దిగులు పడకుండా, సాయంత్రం ఐదింటికి ఒక పావుగంట దిగులుకే అని పెట్టుకోవాలి. మధ్యలో దిగులు వస్తే "ఐదింటికి రా" అని చెప్పి, చీటీ మీద రాసి పక్కన పెట్టాలి. మేము నవ్వాం. చేసి చూస్తే సగం దిగుళ్ళు ఐదింటి దాకా నిలవలేదు.

చదువు రానివాళ్ళ సంగతి ఏందని మీకు అనుమానం రావచ్చు. మాకూ వచ్చింది. మా పెద్దమ్మ వరసయ్యే ఒకామె రెండు వారాలు వచ్చి మానేసింది. కారణం, రాయటం రాక పదో తరగతి చదివే మనవరాలితో రాయించింది. ఆ పిల్ల ఇంట్లో చెప్పేసింది. గొడవైంది. అది మా లోపమే, ముందే ఆలోచించాల్సింది. తర్వాత మేడం రాత లేకుండా గుర్తులు పెట్టింది. నిద్ర పట్టిన రోజు చందమామ, పట్టని రోజు అడ్డగీత. దడ వచ్చినప్పుడల్లా డబ్బాలో ఒక చింతగింజ. వారం చివర గింజలు లెక్కపెట్టి, ఏ రోజు ఎక్కువ పడ్డాయి, ఆ రోజు ఏం జరిగింది అని మాట్లాడుకోవటం. ఆ పెద్దమ్మ మళ్ళీ వచ్చింది.

మళ్ళీ మా వదిన దగ్గరికి వద్దాం. ఆమె పుస్తకంలో మొదటి పేజీలో రాసుకున్న మాట, "సంఘంలో అందరూ నన్ను దొంగ అనుకుంటున్నారు. నేను ఇక తలెత్తుకోలేను". నూటికి 100. సాక్ష్యం గడిలో ఏం రాయాలి? "నలుగురు ఇంటికొచ్చి దీపాలు పెట్టేదాకా కూర్చున్నారు" అని రాసింది. ఆ గడిలో ఉన్నది మేమే.

మేడం ఆమెతో "నీ ఆలోచన తప్పమ్మా" అనలేదు. సాక్ష్యం గట్టిగానే ఉంది కదా. ఆమె ఒప్పుకున్నాకే మేడం మాతో మాట్లాడింది. "మీరు నిజంగా ఆమెను దొంగ అనుకుంటున్నారా?" అని అడిగింది. లేదన్నాం. మా కిస్తీ ఎట్టా కట్టాలా అని భయపడి అట్టా చేశాం అన్నాం. "అయితే ఆ సంగతి ఆమెకు తెలియాలి కదా" అంది. ఇంకో మాట కూడా చెప్పింది. మైక్రోఫైనాన్స్ అప్పుల వసూలుకు ఉదయం 9 కంటే ముందు, సాయంత్రం 6 తర్వాత ఫోన్లు చేయకూడదని, బెదిరించే మాటలు, తిట్లు అనకూడదని రిజర్వు బ్యాంకు 2022లో పెట్టిన నిబంధనల్లో ఉందట. కంపెనీ వాళ్ళకే ఆ హద్దు ఉంది. ఒకే ఊరివాళ్ళం, ఒకరి పిల్లల్ని ఒకరం ఎత్తుకున్నవాళ్ళం, మేము ఆ హద్దు కూడా పెట్టుకోలేదు. ఆ రోజు మాకు చాలా సిగ్గేసింది.

మేము పోయి క్షమాపణ చెప్పాం. ఈసారి ఇద్దరమే పోయాం, పొద్దున పూట పోయాం. "వదినా, ఆ రోజు మేము మాట్లాడింది తప్పు. మాకు భయం వేసి నీ మీద పడ్డాం" అన్నాం. ఆమె టీ పెట్టింది. ఏమీ అనలేదు. వెంటనే అంతా సర్దుకుందని చెబితే అబద్ధమవుతుంది. మాతో మామూలుగా మాట్లాడటానికి ఆమెకు ఇంకో రెండు నెలలు పట్టింది.

ఈ పద్ధతిలో ఇంకో భాగం, పరీక్షపెట్టి చూడటం. "మీటింగుకు పోతే అందరూ తిడతారు" అని ఆమె నమ్మకం. మేడం ఆమెతో "పది నిమిషాలు కూర్చుని రా. ఏం జరుగుతుందని ముందు రాసుకో, తర్వాత ఏం జరిగిందో రాసుకో" అంది. మొదటి నెల ఆమె గుమ్మం దగ్గర పది నిమిషాలు కూర్చుని పోయింది. ముందు రాసింది, "తిడతారు, లేకపోతే ముఖం తిప్పుకుంటారు". తర్వాత రాసింది, "ఒకామె జరిగి చోటిచ్చింది. ఒకామె పాప జ్వరం తగ్గిందా అని అడిగింది. ఒకామె మాట్లాడలేదు". మాట్లాడని ఆమె కూడా ఉంది చూడండి. అది కూడా రాసుకోమంది మేడం. మంచి మాత్రమే రాసుకుంటే అది లెక్క కాదు అంది. రెండో నెల ఆమె చివరిదాకా కూర్చుంది.

దీంతోపాటు రోజుకో చిన్న పని. దిగులుగా ఉన్నప్పుడు, మనసు బాగైతే పని చేద్దాం అనుకుంటాం. మనసు ఎప్పటికీ బాగవదు, పనీ జరగదు. దాన్ని తిరగేసి, ముందు చిన్న పని, దాని వెనకాల మనసు అని మేడం చెప్పింది. ఒకరోజు తలకు పోసుకోవటం. ఒకరోజు ముగ్గు. ఒకరోజు పిల్లను బడి దాకా దింపి రావటం. ఇవి పనులేనా అనిపిస్తుంది. అన్నం మానేసిన మనిషికి అవి కొండంత పనులు.

అయితే అసలు ప్రశ్న ఇది. ఆలోచన మార్చుకుంటే అప్పు తీరుతుందా? తీరదు. ఈ ప్రశ్న మేమే మేడాన్ని కొంచెం కోపంగానే అడిగాం. ఆమె చెప్పిన సమాధానం మాకు నచ్చింది. "పుస్తకంలో రెండు రకాల బాధలు ఉంటాయి. ఒకటి మనసు పెంచి చూపించే బాధ, దానికి సాక్ష్యం వెతకాలి. రెండోది నిజంగా ఉన్న బాధ, దానికి దారి వెతకాలి. ఉన్నదాన్ని లేదని చెప్పటం నా పని కాదు" అంది. "అంతా అయిపోయింది" అనేది ఒక ఆలోచన. ఎంత అయిపోయింది అనేది లెక్క.

ఆ లెక్క అప్పటిదాకా వాళ్ళింట్లో ఎవరూ వేయలేదు. భయపడి వేయలేదు. వాళ్ళాయన్ని కూడా కూర్చోబెట్టి రాయించాం. కౌలు 60 వేలు. మందుల షాపు 90 వేలు. ప్రైవేటు వడ్డీకి తెచ్చింది లక్షా 20 వేలు. సంఘంలో మిగిలింది 38 వేలు. మైక్రోఫైనాన్స్ 32 వేలు. మొత్తం 3 లక్షల 40 వేలు. ఆ వదిన "నేను పది లక్షలనుకున్నా" అంది. రాత్రుళ్ళు మనసు వేసే లెక్క అట్టా ఉంటుంది. మూడు లక్షల నలభై వేలు కూడా తక్కువేమీ కాదు, కానీ దానికి వరస పెట్టొచ్చు. పెద్ద వడ్డీది ముందు. షాపు ఆయన పాత పరిచయస్తుడే, సగం ఇప్పుడు, సగం వచ్చే కాయ మీద అని ఒప్పుకున్నాడు. సంఘం పాతబాకీ మూడు కిస్తీలు 5,100. అది గ్రామ సంఘం నిధి నుంచి రూపాయి వడ్డీకి ఇచ్చి బ్యాంకులో కట్టించాం. ఆమె నెలకు కొంచెం చొప్పున గ్రామ సంఘానికి కడుతోంది. ఈ పని మేము ఆ వరండాలో కూర్చున్న రోజే చేయగలిగి ఉండేవాళ్ళం. అప్పుడు మాకు తట్టలేదు.

లీడర్లమైన మా సంగతి కూడా చెప్పాలి. కిస్తీ తేదీ దగ్గరపడితే మా ఇద్దరికీ నిద్ర ఉండదు. "ఎవరు కట్టకపోయినా మా తప్పే" అని మనసులో ఉంటుంది. ఇక్కడున్న లీడర్లందరికీ తెలుసు ఆ సంగతి. మేడం మా చేత కాగితం మీద జొన్నరొట్టె అంత గుండ్రం గీయించింది. "కిస్తీ ఆగిపోవటానికి కారణాలన్నీ చెప్పండి, ఒక్కోదానికి ఎంత ముక్క ఇస్తారో కోయండి. మీ ముక్క చివర కోయండి" అంది. పురుగుకు పెద్ద ముక్క పోయింది. కౌలుకు ఒక ముక్క. ఎక్కువ వడ్డీకి ఒక ముక్క. ఆ ఇంటివాళ్ళు లెక్క చూసుకోకపోవటానికి ఒక ముక్క. చివరికి మాకు మిగిలింది సన్నటి ముక్క. మాకేమీ లేదని అనలేదు. మేము చేయగలిగింది ఆ ముక్కంత అని తెలిసింది. ఆ ముక్క వరకు బాగా చేద్దాం అనుకున్నాం. లీడరు భయం తగ్గితే లీడరు నోరు కూడా తగ్గుతుంది. ఆ రోజు వరండాలో మాట్లాడింది మా భయమే.

ఇది అన్నిటికీ మందు అని మేము చెప్పటం లేదు. మా ఐదుగురిలో ఒకామె భర్త తాగి కొడతాడు. ఆమె కూడా గళ్ళు రాసింది. రెండో వారమే మేడం పుస్తకం మూసేసి, "ఇక్కడ నీ ఆలోచనలో తప్పేమీ లేదు. జరిగేదే తప్పు" అంది. దెబ్బలు తినేవాళ్ళకు ఆలోచన మార్చుకోమని చెప్పటం అన్యాయం. ఆమెకు 2005 గృహహింస చట్టం గురించి, 181 నంబరు గురించి, సఖి సెంటర్ గురించి చెప్పి, మాలో ఇద్దరం తోడు పోయాం. ఆ గొడవ ఇంకా నడుస్తోంది. అట్టాగే అసలు నిద్రే పోనివాళ్ళు, ఎవరూ లేకుండానే మాటలు వినపడేవాళ్ళు, చావు గురించి మాట్లాడేవాళ్ళు ముందు డాక్టరు దగ్గరికి పోవాలి. నోటుబుక్కు ఆ తర్వాత.

ఇంకో సంగతి. ఈ పని చేయాలంటే పెద్ద చదువు ఉండాలని మేము అనుకున్నాం. గోవాలో సంగాత్ అనే సంస్థ మామూలు మనుషులకు శిక్షణ ఇచ్చి, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో దిగులు జబ్బు ఉన్నవాళ్ళతో ఈ చిన్న చిన్న పనుల పద్ధతిని ఆరు నుంచి ఎనిమిది సిట్టింగుల్లో చేయించిందట. ఫలితం బాగుందని 2017లో పెద్ద వైద్య పత్రికలో వచ్చింది. జింబాబ్వే దేశంలో శిక్షణ తీసుకున్న అమ్మమ్మలు ఆరోగ్య కేంద్రం ఆవరణలో బెంచీ మీద కూర్చుని, వచ్చినవాళ్ళ కష్టం విని, ఒక్కో సమస్యకు దారి వెతికిస్తారట. అమ్మమ్మలకు మన దగ్గర కూడా కరువు లేదు. బెంచీలకూ లేదు. శిక్షణే కావాలి. శిక్షణ లేకుండా మేమే కౌన్సిలర్లం అనుకుంటే మాత్రం ప్రమాదం. మేము ఆ పని చేయటం లేదు. వినటం, గుర్తుపట్టటం, తోడు పోవటం వరకే మా పని.

మా సంఘంలో ఇప్పుడు కొన్ని మార్పులు చేసుకున్నాం. ఒకటి, కిస్తీ ఆగితే ఇంటి ముందు కూర్చోవటం లేదు. ఇద్దరే పోతారు, పగలే పోతారు, మొదటి ప్రశ్న "ఒంట్లో ఎట్టా ఉంది, ఇంట్లో ఎట్టా ఉంది" అనే అడుగుతారు. డబ్బు మాట తర్వాత. రెండు, మీటింగులో లెక్కలకు ముందు పావుగంట కష్టసుఖాలకు పెట్టాం. ఆ మాటలు మినిట్స్ బుక్కులో రాయం, గది దాటనివ్వం. మూడు, వరసగా రెండు మీటింగులకు ఎవరన్నా రాకపోతే జరిమానా వేయటానికి ముందు ఎవరో ఒకరు పోయి చూసి వస్తారు. నాలుగు, పురుగుమందు డబ్బాలు ఇళ్ళల్లో పెట్టొద్దని అందరం ఒప్పుకున్నాం. ఇది ఇంకా పూర్తిగా అమలు కాలేదు, ఉన్నమాట చెబుతున్నాం. ఐదు, గ్రామ సంఘం ఆఫీసు గోడ మీద 14416 అని పెద్ద అంకెలతో రాయించాం. అది 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన టెలి మానస్ నంబరు. రాత్రీ పగలూ పనిచేస్తుంది, ఖర్చు లేదు, తెలుగులోనే మాట్లాడొచ్చు. మీరూ ఇప్పుడే ఫోనులో ఎక్కించుకోండి. మీకు అవసరం లేకపోయినా పక్కింటివాళ్ళకు రావచ్చు.

మండల సమాఖ్యను మేము మూడు కోరుతున్నాం. కౌన్సిలర్ మేడం నెలకు కనీసం రెండు రోజులు ప్రతి గ్రామ సంఘానికి వచ్చేటట్టు చూడాలి. రాకపోకల ఖర్చు సమాఖ్య నిధి నుంచి భరించాలి. వీఓఏలకు, లీడర్లకు ఏటా ఇచ్చే పుస్తక నిర్వహణ శిక్షణతోపాటు, కష్టంలో ఉన్న మనిషిని గుర్తుపట్టటం మీద ఒక రోజు శిక్షణ కలపాలి. మూడోది, రికవరీ తగ్గిన సంఘం మీద ఒత్తిడి పెట్టే ముందు, అక్కడ ఏ ఇంట్లో ఏమైందో ఒక్కసారి అడగాలి. పైనుంచి ఒత్తిడి దిగుతూ దిగుతూ చివరికి ఒక ఇంటి వరండాలో పడుతుంది. మేము కళ్ళారా చూశాం.

పొదుపు, మీటింగు, అప్పు, వాపసు, పుస్తకాలు అని మనకు పంచసూత్రాలు నేర్పారు. వాటివల్లే మేము ఈరోజు మైకు ముందు నిలబడ్డాం. ఆ ఐదింటినీ పాటించేది మనిషి. మనిషి నిలబడితేనే అవి నిలబడతాయి.

ఆ వదిన ఈ ఏడాది మళ్ళీ ఒక ఎకరం కౌలుకు చేసింది. రెండెకరాలు వద్దని లెక్క వేసుకుని తనే ఒకటి తగ్గించింది. కాయ ధర బాగుంది. అప్పు ఇంకా ఉంది. కిస్తీ మాత్రం నెల నెలా కడుతోంది. ఇప్పటికీ కొన్ని రాత్రులు నిద్ర పట్టదు, అప్పుడు లేచి పుస్తకం రాసుకుంటానంది. ఈ ప్రసంగం రాశాక ముందు ఆమెకే చదివి వినిపించాం. రెండు చోట్ల తీసేయమంది, తీసేశాం. వరండా సంగతి తీసేయమంటుందేమో అనుకున్నాం. "అది ఉంచండి, ఇంకో ఊళ్ళో ఇంకొకరి ఇంటి ముందు కూర్చోకుండా ఉంటారు" అంది.